తిరిగొచ్చిన హ్యాండిలు

"నూనె పోస్తే, పట్టేసిన ఇంజనైతే వదులైందన్నా. హ్యాండిలు లేకుంటే నేనేం జేస్త?" అన్నాడు మెకానిక్ మహేశ్వర్.

పెట్రోలుతో నడిచే పాతకాలపు ట్రాక్టరు అది. సెల్ఫు లేదు. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితేనే ఇంజను స్టార్టవుతుంది. టైర్లు చీకిపోయాయి కాబట్టి తాడు కట్టి లాగే దారి కూడా లేదు.

ఆ హ్యాండిలు ఎప్పుడు మాయమైందో జగదీశ్‌కు తెలియదు. అతనికి ఊహ తెలిసినప్పటి నుంచి ట్రాక్టరు ఇంటి వెనుక రేకుల కొట్టంలోనే ఉంది. తండ్రి గోపాలయ్య దాన్ని అమ్మలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇప్పుడాయన పక్షవాతంతో మంచం పట్టాడు. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మాట కూడబలుక్కుని ఆయన అడిగేది ఒక్కటే.

"టాక్టరు సప్పుడు... ఒక్కపారి ఇనాలె."

ఆ ఒక్క కోరికా తీర్చలేకపోతే కొడుకై పుట్టి ఏం లాభమని జగదీశ్ బాధ. ఆత్మకూరు నుంచి వనపర్తి దాకా పాత ఇనుప దుకాణాలన్నీ గాలించాడు. ఎక్కడా దొరకలేదు.

అంతలో కొట్టం ముందుకు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. నెత్తికి రుమాలు, చంకలో గోనెపట్టా చుట్ట.

"గోపాలయ్య ఇల్లు ఇదేనా బిడ్డా?"

"ఇదే. నువ్వెవరు?"

"లింగాల నుంచొచ్చిన. పెద్దాయనకు బాగలేదని మొన్ననే తెల్సింది."

చుట్ట విప్పాడు. లోపల హ్యాండిలు. తుప్పు మరక కూడా లేదు.

జగదీశ్ లాక్కుని ఇంజనుకు పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది.

"ఇది నీ దగ్గరికెట్ల వచ్చింది?"

"నా ఇంట్లనే ఉండె. శానా ఏండ్లాయె. జర పెద్దాయనను..."

జగదీశ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కిన దుకాణాల మెట్లన్నీ గుర్తొచ్చాయి. ముసలాయన చెంప ఛెళ్లుమంది.

రుమాలు కింద పడింది. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

"దొంగతనం జేసి, ఇప్పుడు పుణ్యం గట్టుకుందామని వచ్చినవా? మల్ల ఈ దిక్కు కనవడకు."

ముసలాయన రుమాలు దులిపి చుట్టుకున్నాడు.

"మద్దిలేటి తెచ్చిచ్చిండని చెప్పు బిడ్డా. గంతే సాలు."

పెద్దమందడి రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు.

"తండ్రి ఈడు మనిషి మీద చెయ్యి జేసుకుంటివి," గొణిగాడు మహేశ్వర్.

"దొంగకు ఈడేంది?"

అన్నాడే గానీ, జగదీశ్‌కు అరచెయ్యి మండుతూనే ఉంది. ఏదో చేయరాని పని చేశానని లోపల గుబులు. పనిలో పడితే అదే పోతుందనుకున్నాడు.

మహేశ్వర్ కంపు కొడుతున్న పాత పెట్రోలు పారబోశాడు. జిగురు పట్టిన కార్బురేటరు కడిగాడు. ప్లగ్గులు గీకి బిగించి, కొత్త పెట్రోలు పోశాడు. జగదీశ్ హ్యాండిలు అందుకున్నాడు. తిప్పగా తిప్పగా నల్లటి పొగ కక్కి ఇంజను దడదడలాడింది.

అతను ఇంట్లోకి పరుగెత్తాడు.

గోపాలయ్య కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. చూపు కొడుకు మీద లేదు, గుమ్మం మీద ఉంది.

"మద్దిలేటి... ఏడి? లోపలికి... తోల్కరా."

జగదీశ్ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. ఆ పేరు తాను ఇంకా చెప్పనే లేదు.

"పోయిండు నాయినా," అన్నాడు చివరికి. "దొంగనుకొని కొట్టి ఎల్లగొట్టిన."

గోపాలయ్య కళ్లు మూసుకున్నాడు. బయట ఇంజను మోగుతూనే ఉంది.

"ఆయనెవరమ్మా?"

తల్లి అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"'నన్ను మాఫ్ జేసిననాడు తెచ్చియ్యి, అందాంక టాక్టరు నడ్ప' అని మీ నాయిననే ఆ హ్యాండిలు ఆయన చేతుల వెట్టొచ్చిండు. నువ్వింక పుట్టలే. లింగాలల కిరాయికి దున్నవోయిననాడు, ఈ టాక్టరు కింద వడి సచ్చిన పిల్లగాని తండ్రిరా ఆయన."