చల్లబడే కొద్దీ

“పెద్దాయనా, మీరేం పని చేసేవారు?” డాక్టరు రెండోసారి అడిగాడు.

తండ్రి ఉలకలేదు, పలకలేదు. డాక్టరు తన చేతి వాచీ విప్పి చూపించాడు. “పోనీ, ఇదేంటి?”

“గాజు,” అన్నాడాయన.

“వాచీకి గాజుంటుంది కదండీ!” కూతురు ఆదుర్దాగా అడ్డుపడింది. నలభై ఏళ్ళు గాజు ఊది సీసాలు చేస్తూ బతికిన మనిషికి ముందు అదే కనబడుతుందని ఆమె వాదన.

“పిల్లలెంతమంది?”

మళ్ళీ మౌనం. ఆమె ఉండబట్టలేక తండ్రి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. “నాన్నా, నేనెవర్ని?”

ఆయన ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు. “వాచీ.”

పక్కనే నిలబడ్డ అన్నయ్యకు నవ్వాగలేదు, వెంటనే సిగ్గుపడ్డాడు. ఆమెకు ప్రాణం చివుక్కుమంది. ‘మనుషులను గుర్తుపట్టడం లేదు’ అని డాక్టరు కాగితం మీద రాశాడు.

“ఆశ్రమంలో చేర్చే కాగితం మీద సంతకం పెట్టవే చిన్నమ్మా,” అన్నాడు అన్నయ్య మెల్లగా. “పగలంతా ఇంట్లో చూసేవాళ్ళెవరు? వృద్ధాశ్రమంలో ఆయాలుంటారు. మనల్నే గుర్తుపట్టని మనిషికి ఎక్కడున్నా ఒకటే.” ఆ చివరి మాటే ఆమె చేత సంతకం పెట్టించింది.

వరండాలోకి రాగానే ఫోను మోగింది. లాబ్ నుంచి తోటి పరిశోధకురాలు. “సాంపిల్‌ని ఇంకో డిగ్రీ చల్లబరిచాం. కదిపి చూస్తే చలనమే లేదు. గట్టిపడిపోయిందని రాసేయనా?”

“కొంప ముంచకు!” ఆమె కసిరింది. “గాజయ్యే ద్రవం అది. చల్లబడే కొద్దీ లోపల అణువులు నెమ్మదిస్తాయి, అంతే. నిన్న నిమిషంలో వచ్చిన జవాబు ఇవాళ గంటకొస్తుంది, రేపు రెండు రోజులు పట్టొచ్చు. మనకే ఓపిక లేక ఆగిపోయిందనుకుంటాం.”

ఆశ్రమానికి వెళుతుంటే కారులో తండ్రి హఠాత్తుగా “ఇద్దరు,” అన్నాడు.

“కారులో ముగ్గురం ఉన్నాం నాన్నా,” అన్నాడు అన్నయ్య. “లెక్క కూడా పోయింది, పాపం.”

ఆశ్రమం గదిలో ఆమె తండ్రికి దుప్పటి సర్దింది. వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. “నాన్నా, ఇక్కడుంటావా, ఇంటికొచ్చేస్తావా?”

ఆయన గోడకేసి చూస్తున్నాడు. పావుగంట ఎదురుచూసి, కళ్ళు తుడుచుకుని లేచింది.

మూడోరోజు లాబ్‌లో సాంపిల్ జవాబిచ్చింది. తెర మీద గీత కదలడం చూసి, “చెప్పానా!” అంటూ ఆమె చప్పట్లు కొడుతుండగా ఆశ్రమం నుంచి ఆయా ఫోన్ చేసింది.

“మీరెళ్ళాక మీ నాన్నగారు అసలు నోరే విప్పలేదమ్మా. నిన్న సాయంత్రం మాత్రం ‘మా చిన్నమ్మ’ అన్నారు. ఎవరు తాతా అంటే మళ్ళీ పలకలేదు.”

‘నాన్నా, నేనెవర్ని?’ అని డాక్టరు ముందు తను అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తొచ్చింది.

“ఇవాళేమో ‘ఇంటికే’ అంటున్నారు.”