ఇవాళ కూరేంటి?

సొంతింట్లో కూర మాడుతున్నా పట్టని అత్తగారికి వీధిలో అందరి కూరలూ కావాలని కోడలి ఫిర్యాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు రోజూ ఫోన్ చేసే పలకరింపు సంఘానికి ఆవిడే పెద్ద. ఇవాళ గొంతు పోవడంతో ఆ పని కోడలి మెడకు చుట్టుకుంది.

"టైలర్ బాబాయిగారు బాగున్నారట," అంటూ కోడలు ఆయన పేరు పక్కన టిక్కు పెట్టింది.

"కూరేం వండాడట?" అత్తగారు గుసగుసగా అడిగింది.

"అడగలేదు. బాగున్నానన్నారుగా!"

"ఆ మాట అందరూ అంటారే తల్లీ. మళ్ళీ చెయ్."

కోడలు విసుక్కుంటూనే స్పీకర్ పెట్టి చేసింది. "బాబాయిగారూ, ఇవాళ కూరేంటి?"

"కత్తెర," అన్నాడాయన ముద్దముద్దగా. "కత్తెర వేపుడు."

నవ్వబోయిన కోడలు గాభరాగా అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు అప్పటికే తన ఫోన్లో, లేని గొంతు తెచ్చుకుని, అంబులెన్సుకు చిరునామా చెబుతోంది.

"నువ్వు పెట్టెయ్యకు. మాట్లాడిస్తూనే ఉండు!"

"బాబాయిగారూ, వింటున్నారా?"

అవతల ఏదో దబ్బున పడింది. ఆ తర్వాత ఊపిరి చప్పుడొక్కటే. కోడలు పిలుస్తూనే ఉంది. ఎంతసేపటికో తలుపు బద్దలైన శబ్దం, ఫోన్లో కొత్త గొంతు వినిపించాయి.

"పక్షవాతంలా ఉందండీ. సమయానికే పిలిచారు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే అత్తయ్యా. బాగున్నానంటే నమ్మేసి, ఆయన్ని వదిలేశాను."