ముఖం సరిపోలలేదు

"కళ్లార్పండి" అంది ఫోను.

కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు కళ్లార్పింది.

"కుడివైపు తిరగండి."

తిరిగింది. తెరమీద గుండ్రం ఒకటి గిర్రున తిరిగి తిరిగి ఎర్రబడింది. ముఖం సరిపోలలేదట.

"ఎలా సరిపోతుందత్తయ్యా? ఒక బుగ్గ బంతిలా ఉంటేను!" అంది కోడలు.

పొద్దున కోడలు పనికి వెళ్లేటప్పుడు శుభ్రంగా ఉన్న మనిషి, మధ్యాహ్నానికి చెంపకు గుడ్డ కట్టుకుని కనిపించింది. పన్ను పీకించుకొచ్చానంది. పీకించుకుంటే పీకించుకుంది గానీ, ఈ రోజే ముహూర్తం దొరికిందా?

సంగతేమిటంటే, బ్యాంకువాళ్లు ఆవిడ క్రెడిట్ కార్డుకి 'రక్షణ' అంటూ ఓ పథకం, అడక్కుండానే తగిలించారు. మూడు నెలలు ఉచితం. ఆ తర్వాత ఏడాది రుసుము. అది ఆవిడ రెండు నెలలు మిషను తొక్కితే వచ్చేంత. వద్దనుకుంటే ఇవాళ ఐదింటిలోపు యాప్‌లో 'వద్దు' నొక్కాలి. నొక్కాలంటే యాప్ తెరవాలి. తెరవాలంటే మొహం చూపించాలి.

"తగిలించేటప్పుడు అక్కర్లేని మొహం, వదిలించుకునేటప్పుడు కావలసొచ్చిందేం?" అంది అత్తగారు ముద్దముద్దగా.

శాఖకు వెళ్దామంటే, ఆ శాఖ ఉన్నచోట ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. ఫోన్ చేస్తే, సమస్యను ఒక్క మాటలో చెప్పమంది మర. అత్తగారు చెప్పింది. అర్థం కాలేదంది మర. మళ్లీ చెప్పింది. మా సేవ మీకు నచ్చిందని తలుస్తున్నాం అని పెట్టేసింది.

"ఇక ఒక్కసారే చూపించొచ్చట. అదీ తప్పితే రేపటిదాకా తాళమే" అంది కోడలు గడియారం చూస్తూ. నాలుగైంది.

"ఈ మొహం నాక్కాక ఇంకెవరికుంది తల్లీ, ఈ భూమ్మీద?" అని నిట్టూర్చింది అత్తగారు.

కోడలు గభాల్న లేచింది. "ఉందిగా! చిన్నత్తయ్యకి!"

ఇద్దరూ కవలలు. అక్కగారిది పది నిమిషాల పెద్దరికం. ఒకప్పుడు ఈవిడ కుట్టిన బట్టలు, రెండు వీధుల అవతల చెల్లెలి దుకాణంలో ఇస్త్రీ అయి వచ్చేవి. తల్లి పోయిన రోజున, ఆవిడకు ఎవరెక్కువ చేశారన్న మాట దగ్గర పుల్ల విరిచినట్టు విడిపోయారు. ఆరేళ్లయింది. ముందు పలకరించిన వాళ్లు ఓడిపోయినట్టే అనుకుని ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు.

"చచ్చినా పిలవను."

"అయితే రెండు నెలల కష్టం వాళ్లకే ధారపొయ్యండి."

అత్తగారు చెంపకు కట్టిన గుడ్డ సర్దుకుంది. "నీ ఇష్టం. నేను పిలిచానని మాత్రం అనకు."

పావుగంటలో చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది, చేతులకింకా ఆవిరి చెమ్మ ఆరకుండానే.

"ఎటు చూడాలో మీ అత్తనడుగమ్మాయ్."

"ఆ కెమెరాలోకి చూడమను. పళ్లికిలించొద్దని కూడా చెప్పు."

మధ్యలో కోడలు ఏం చెప్పనక్కర్లేకపోయింది. చెల్లెలు కళ్లార్పింది, కుడికి తిరిగింది. గుండ్రం పచ్చబడింది. కోడలు 'వద్దు' నొక్కింది. నిజంగానే వద్దా అంది యాప్. నొక్కింది. మరొక్కసారి ఆలోచించమంది. నొక్కింది. కారణం చెప్పమంది.

"ఎంత మొండిదే ఇది! నీకేమైనా చుట్టమా?" అంది చెల్లెలు తిన్నగా అక్క మొహంలోకే చూసి.

అక్కకి నవ్వు ఆగలేదు. చెంప పట్టుకుని మరీ నవ్వింది.

"నవ్వకే, కుట్లూడతాయి!"

ఐదుకి పది నిమిషాలుండగా పథకం రద్దయింది. అయినా చెల్లెలు లేవలేదు. పక్కనున్న చొక్కా కాలరు పట్టుకు చూసి, "ఇదా ఇస్త్రీ? ఆవు నమిలినట్టుంది" అంటూ ఇస్త్రీపెట్టె అందుకుంది.

అక్క మిషను మీంచి తలెత్తింది. "అమ్మకి నువ్వే ఎక్కువ చేశావే. ఆ రోజే అనాల్సింది."

ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆగిపోయింది. చెల్లెలు ముక్కు ఎగబీల్చి, "చొక్కా కాలుతుంది, ఊరుకో" అంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగింది. "వాపు తగ్గేదాకా రోజూ వస్తాలే. మళ్లీ ఏం తగిలిస్తారో ఏమో."

కోడలు ఆవిణ్ణి వీధి చివరిదాకా సాగనంపడానికి వెళ్లింది. అత్తగారు తలుపు దగ్గరగా వేసి, చెంపకు కట్టిన గుడ్డ విప్పి, బుగ్గలోంచి నిమ్మకాయంత దూది ఉండ బయటికి తీసింది.

ఆవిడసలు ఏ పన్నూ పీకించుకోలేదు.