మేకుకు లేని స్క్రూడ్రైవరు

ఇది ఈ కార్డు మీద రాయకుండా వదిలేద్దామనుకున్నాను. పోయింది స్క్రూడ్రైవరే కదా!

స్కూటరు లైటు బిగిద్దామని షెడ్డంతా గాలించాను. (ఆ స్కూటరు సంగతికి ఇంకో కార్డు కావాలి.) మా ఆవిడ, సామ్రాజ్యం, ఆ స్క్రూడ్రైవర్ని వంటింట్లోకి పట్టుకెళ్లి డబ్బాల మూతలు లేపేది. అలవాటుకొద్దీ కేకేశాను.

"ఏమే, మళ్ళా యాడ పెట్టినావే?"

బదులు వాకిట్లోంచి వచ్చింది. బళ్ళారి సమాధుల తోట కాపలాదారు నెహెమ్యా.

"నా కాడ ఉండాదన్నా. మొన్న వదిన పెట్టెకు ఎవుర్నీ ముట్టనీకుండా నువ్వే మూత బిగిస్తివి కదా. గోరీ కాడే మర్సిపోయినావు."

మట్టి తుడిచాను. షెడ్డులో దాని మేకు ఖాళీగానే ఉంది. తీసుకెళ్లి వంటింట్లో డబ్బాల పక్కన పెట్టాను.