మోకాళ్ళ కింద సంచి

మేస్త్రీ ఖాళీ సిమెంటు సంచిని మడిచి మోకాళ్ళ కింద వేసుకున్నాడు. అప్పుడే పోసిన కాంక్రీటు నేలను వంగి తాపీతో నునుపు చేస్తున్నాడు.

"ఆ సంచి తీసెయ్యన్నా. సిమెంటు నీళ్ళు పీల్చి మోకాళ్ళకి పట్టిస్తుంది."

తలెత్తి చూశాడు. గుమ్మంలో ఎవరో ఆడమనిషి. డ్రమ్ములోంచి ముంచుకొచ్చిన నీళ్ళ బకెట్ చేతిలో ఉంది. ఆమెను ఈ సైటులో ఎప్పుడూ చూడలేదు.

"మంటేమీ లేదక్కా!"

"మొదట్లో ఉండదు, తోలు లోపల్లోపలే కాలిపోతుంది. ఇప్పుడే కడిగేసుకో. రబ్బరు మెత్తలు కట్టుకుని చెయ్యి."

"నేను కాళ్ళు కడుక్కుంటూ కూర్చుంటే ఇది గడ్డకట్టేస్తుంది. నేల నువ్వు చదును చేస్తావా?"

కూలీలు గొల్లుమన్నారు. మేస్త్రీకి హుషారొచ్చింది. కొత్తగా దొరికిన పని. కాంట్రాక్టరు మెప్పు పొందాలని ఒకటే ఆరాటం.

ఆమె కదల్లేదు.

"నీ కాళ్ళు పట్టుకుంటా. కడుక్కో."

"వాచ్‌మన్! ఈ మహాతల్లిని బయటికి పంపవయ్యా."

వాచ్‌మన్ ఆమెను తీసుకెళ్ళాడు. ఆమె తెచ్చిన నీళ్ళతో కూలీలు పారలు కడుక్కున్నారు.

సాయంత్రం ప్యాంటు విప్పబోతే మోకాళ్ళ తోలు దాంతోపాటే ఊడొచ్చింది.

"అప్పుడే కడిగుంటే ఇంత కాకపోను" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "ఇప్పుడు వేరే చోటి చర్మం తీసి అతకాలి. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చోగలవని మాటివ్వలేను."

మోకాళ్ళ మీద కూర్చోలేని మేస్త్రీని ఎవడు పనిలో పెట్టుకుంటాడు? మనిషి భోరుమన్నాడు.

మర్నాడు వాచ్‌మన్ చూడ్డానికొచ్చాడు.

"ఆవిడెవరన్నా? చేతులెత్తి దండం పెట్టాలి" అన్నాడు మేస్త్రీ.

వాచ్‌మన్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నీకు ముందు ఇక్కడ ఒక మేస్త్రీ ఉండేవాడు..."

"పని మానేసి ఊరెళ్ళాడన్నారుగా?"

"కాంట్రాక్టరు అలా చెప్పమన్నాడు. నోరు విప్పితే నా ఉద్యోగం ఊడుతుందని నేనూ ఊరుకున్నా. అతనికీ నీలాగే అయింది. పట్టించుకోలేదు, లోపలంతా చీము పట్టేసింది."

"మరి ఆవిడ?"

"అతని భార్య. నిన్న కాలు తీసెయ్యడానికి మొగుణ్ణి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళగానే, అతని చోట చేరిన నీకు చెప్పాలని పరిగెత్తుకొచ్చింది."