బోను గడియ

“నువ్వా? కాపలాకా?”

రాయపూర్ గుఢియారీ బజారులో తన ధాన్యం కొట్టు ముందు నిలబడ్డ బక్కమనిషిని చూసి భీమారావు పకపకా నవ్వాడు.

“అవునండి బాబూ. నా పేరు పరదేశి. శీకాకుళం నుంచొచ్చాను. తవరు తెలుగోరని తెలిసి...”

“గాలేస్తే గోనెసంచి కన్నా ముందు నువ్వే ఎగిరిపోతావు. దొంగొస్తే ఏటి చేస్తావురా?”

“అడ్డం పడతానండి.”

“జా, జా! పొద్దున్నే బేరం చెడగొట్టకు.”

గుప్పెడు తీసి, నలిపి, కొరికి చూడందే భీమారావు ధాన్యం కొనడు. మనిషిని మాత్రం గుమ్మంలోనే తూచేశాడు.

సాయంత్రం మనవరాలు గంగాభవాని పోరు పడలేక, రైలు పట్టాల పక్క మైదానంలో జంతువుల ఆటకి తీసుకెళ్ళాడు.

జనమే జనం! బోనులో నల్లటి గొరిల్లా గుండెలు బాదుకుంటోంది.

“చూడండి బాబూ, చూడండి!” ఆటగాడు సూరిబాబు అరుస్తున్నాడు. “తల్లి పాలిస్తది, వీపున మోస్తది. ఇదేమో గుంపుకి పెద్ద! ఆపదొస్తే పారిపోదు. దీన్ని చంపితేగానీ పిల్లని ముట్టలేరు!”

“కొడితేనో?” గంగ అడిగింది.

“కొట్టనీ అమ్మా. వీపు తిప్పుతది గానీ పిల్లనొదల్దు!”

“అర్రే వాహ్!” భీమారావు ఊగిపోయాడు. “ఇలాటి కాపలా ఒకటి దొరికితే కొట్టు తాళాలు పారేద్దును!”

ఇంతలో పట్టాల మీద ఇంజను కెవ్వున కూసింది. మైదానం అంచున బండికి కట్టిన ఎద్దు బెదిరి, పలుపు తెంపుకుని జనంలో పడింది.

“భాగో! భాగో!”

తోపులాటలో గంగ చెయ్యి జారిపోయింది. అంతా దుమ్ము.

ధడేలున బోను తెరుచుకుంది. గొరిల్లా ఒక్క దూకున వచ్చి గంగని ఎత్తి గుండెకి హత్తుకుంది.

“నా పిల్లని పట్టుకుపోతందిరో!”

భీమారావుకి ఎద్దు కనపడలేదు. చేతికందిన గుంజ పీకి గొరిల్లా వీపు మీద బాదాడు. అది తిరగబడలేదు. ఒంటిచేత్తో ఆయన్ని పక్కకి తోసేసి, గంగ మీదికి వంగిపోయింది.

మరుక్షణం ఎద్దు కొమ్ములు ఆ వీపులో దిగాయి.

జనం ఎద్దుని పట్టుకున్నారు. నల్లటి చేతుల మధ్య నుంచి గంగ పాక్కుంటూ బయటికొచ్చింది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

ఒకటే ఈలలు, చప్పట్లు! భీమారావు గంగని భుజానికెత్తుకుని గంతులేశాడు.

“సూరిబాబూ! దీనికి అరటిపళ్ళు గెలలకి గెలలు నేనే తెస్తాను. లేపు, లేపు!”

సూరిబాబు లేపలేదు. మోకాళ్ళ మీద కూలబడి గొరిల్లా మెడ కింద తాళ్ళు విప్పుతున్నాడు.

“ఇయ్యాలే చేరాడు బాబూ. పనెక్కడా దొరకలేదంట.”

భీమారావు బోను వైపు తిరిగి చూశాడు. గడియ లోపలివైపు ఉంది.

తోలు తల ఊడి సూరిబాబు చేతిలోకి వచ్చింది; దాని కింద, అడ్డం పడతానన్న పరదేశి ముఖం, ఊపిరి లేకుండా, గంగ వైపే తిరిగి ఉంది.