కాలువ గట్టు కంచె

“లేదమ్మా, మీ అబ్బాయి పోయింది మీ వార్డులో కాదు, కింది వార్డులో,” అన్నాడు తనిఖీ అధికారి, కాలువ గట్టు మీద నిలబడి.

దర్జీ పెద్దమ్మకు ఒళ్లు మండిపోయింది. “నా కొడుకు ఎక్కడ పోయాడో నాకు తెలీదా బాబూ? రాత్రి డ్యూటీ దిగి ఈ గట్టు మీదుగానే ఇంటికొస్తాడు. ఇక్కడే జారాడు.”

“శవం దొరికింది కింది వార్డు తూము దగ్గర. ప్రమాదం జరిగిన చోట కంచె కట్టమని నిధులిచ్చారు. అదీ ఒక్క కంచెకే. రేపు పైవాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి.”

కింది వార్డులో ఉన్నవి గోడౌన్లు. అక్కడ గట్టు మీద నడిచే నరమానవుడు లేడు. ఈ వీధి పిల్లలకు మాత్రం బడికి ఇదే దారి. తండ్రిని మింగిన కాలువ పక్కనే మనవరాలు సంచి ఊపుకుంటూ పోతుంటే, పెద్దమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వాకిట్లో నిలబడుతుంది.

“నీళ్లకు వార్డులు తెలుసా బాబూ? పడ్డవాడు పడ్డచోటే ఉంటాడా?”

గుంపులో ఎవరో నవ్వబోయి నాలుక కరుచుకున్నారు.

అధికారి చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మీది అబద్ధమని నేననను. కానీ తల్లి మాట ఒక్కటే చాలదు. ఆ రోజు అతన్ని ఈ వీధి నీళ్లలో చూశామని ఒక్కరు చెప్పినా సరే, కంచె ఇక్కడికి మార్పిస్తాను.”

పెద్దమ్మ వీధి వైపు తిరిగింది. “ఇంతమంది ఉన్నారు కదర్రా. ఒక్కరూ చూడలేదా?”

నిన్నటిదాకా ‘మేమున్నాం పెద్దమ్మా’ అన్నవాళ్లంతా మొహాలు చూసుకున్నారు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అధికారి జీపు వైపు అడుగేశాడు.

“నేను చూశాను.”

గుంపు వెనక నుంచి ముందుకొచ్చాడు తాపీ మేస్త్రీ, పెద్దమ్మ భర్త. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ నోరు విప్పింది లేదు.

“చూశావా? ఇన్నాళ్లూ చెప్పలేదేమయ్యా?” అంది పెద్దమ్మ.

ఆయన ఆమె వైపు చూడలేదు. అధికారికి చేతులు జోడించాడు.

“ఆ రోజు ఇంకా చీకటి విడవలేదు బాబూ. శవం బోర్లా తేలుతూ వచ్చి మా వీధి రేవు మెట్లకు తగులుకుంది. పోలీసులొస్తే వీధంతా చిక్కుల్లో పడుతుందని వెదురుకర్రతో కింది వార్డుకి తోసేసింది నేనే… ఎవరి బిడ్డో అనుకున్నాను.”